రేషన్ పామోలిన్, గానుగ నూనె, డాల్డా... రక్తంలో ఏది ఏం చేస్తుంది?

రక్తపరీక్ష రిపోర్టులో కొలెస్టరాల్ అంకె ఎక్కువగా కనపడగానే మన ఇళ్ళలో ముందుగా మారేది వంటనూనె. నిన్నటిదాకా వాడిన నూనె ఒక్కసారిగా చెడ్డదైపోతుంది. టీవీ ప్రకటనలో గుండె బొమ్మతో వచ్చే నూనె మంచిదైపోతుంది. డెంకణికోట వైపు ఈ గందరగోళం ఇంకాస్త ఎక్కువ. తమిళనాడు ప్రత్యేక ప్రజాపంపిణీ పథకం 2007లో మొదలైంది. దాని కింద రేషన్ కార్డు మీద లీటరు 25 రూపాయలకే పామోలిన్ వస్తోంది. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ, నువ్వులు, వెర్రి నువ్వులు పండుతాయి గనుక గానుగ నూనె కూడా దొరుకుతుంది. హోసూరు అంగళ్ళ నుంచి సన్‌ఫ్లవర్ ప్యాకెట్లు వస్తాయి. దావత్ వంటలకు వనస్పతి, అంటే మనమంతా డాల్డా అని పిలిచేది, ఉండనే ఉంది. ఒకే వీధిలో నాలుగు ఇళ్ళు నాలుగు నూనెలు వాడుతూ, పక్కింటి నూనె మంచిది కాదని చెప్పుకుంటూ ఉంటారు.

ఇందులో రెండు రకాల నష్టం ఉంది. రేషన్ నూనె తింటే గుండెపోటు వస్తుందని భయపడి, శక్తికి మించిన ధర పెట్టి నూనె కొనేవారు ఉన్నారు. అది డబ్బు నష్టం. నూనె మార్చాం కదా, ఇక మాత్ర ఎందుకని డాక్టరు రాసిచ్చిన మందు ఆపేసేవారు ఉన్నారు. అది ప్రాణానికే నష్టం. మన దేశం, మన ఇరుగుపొరుగు దేశాల వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందని, మిగతా ప్రపంచంలో ఆ సగటు దాదాపు 59 ఏళ్ళని 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ పరిశోధన తేల్చింది. ఆరేళ్ళ తేడా అంటే పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఇంకా మిగిలి ఉన్న వయసులోనే ఇంటి పెద్దకు ముప్పు అన్నమాట. కాబట్టి ఏ కొవ్వు ఒంట్లో ఏం చేస్తుందో కాస్త వివరంగా తెలుసుకుందాం.

వంటనూనెలో కొలెస్టరాల్ ఎక్కడిది?

‘కొలెస్టరాల్ లేని నూనె’ అని ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాల్ ఉండదు. వేరుశనగలో లేదు, నువ్వుల్లో లేదు, పామోలిన్‌లోనూ లేదు. అది జంతువుల ఒంట్లో తయారయ్యే పదార్థం. మాంసం, గుడ్డుసొన, నెయ్యి, పాలమీగడ, భేజా, కలేజీలలో ఉంటుంది. పైగా మన రక్తంలో తిరిగే కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, మన ఒళ్ళు తయారు చేసుకున్నదే. ఆ పనిలో కాలేయానిది పెద్ద పాత్ర. అది అసలు విషమే కాదు. ప్రతి కణం పొరకూ అది కావాలి, పిత్తరసం దానితోనే తయారవుతుంది. 1815 ప్రాంతంలో ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ పిత్తాశయంలోని రాళ్ళ నుంచి వచ్చే ఈ పదార్థానికి పేరు పెడుతూ, పిత్తం, గట్టి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపాడు. మన హకీములు సఫ్రా అనే పిత్తం పేరు కొలెస్టరాల్ అనే మాటలోనే దాగి ఉందన్నమాట.

రక్తంలో కొలెస్టరాల్ ఒంటరిగా తిరగదు. నూనె నీళ్ళలో కలవదు కదా, అందుకని మాంసకృత్తులతో చుట్టిన మూటల్లో ప్రయాణిస్తుంది. ఎల్.డి.ఎల్. అనే మూటలు కొలెస్టరాల్‌ను ఒళ్ళంతా పంచుతాయి. అవి ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. హెచ్.డి.ఎల్. మూటలు మిగిలినదాన్ని కాలేయానికి తిరిగి చేరుస్తాయి. కాలేయం మీద ఎల్.డి.ఎల్.ను లోపలికి తీసుకునే గుమ్మాల వంటివి ఉంటాయి. నూనె ప్రభావం ప్రధానంగా ఈ గుమ్మాల దగ్గరే. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే గుమ్మాలు తగ్గిపోతాయి, మూటలు రక్తంలోనే మిగిలిపోతాయి. అసంతృప్త కొవ్వు, అందులోనూ లినోలెయిక్ ఆమ్లం ఉన్న నూనెలు తింటే గుమ్మాలు పెరుగుతాయి. కాబట్టి ప్యాకెట్టు మీద కొలెస్టరాల్ ఉందా లేదా అని వెతకడం వృథా. సంతృప్త కొవ్వు ఎంత ఉందో చూడాలి.

చలికాలం చెప్పే సంగతి

డెంకణికోట ఎత్తైన ప్రాంతం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో రేషన్ పామోలిన్ మసకబారి అడుగున తెల్లగా పేరుకుంటుంది. మైనం కలిపారని, కల్తీ అని గొడవ మొదలవుతుంది. అది కల్తీ కానక్కరలేదు. పామోలిన్‌లో ఉన్న పామిటిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వు చలికి గడ్డకడుతుంది. అదే చలిలో పక్కన ఉన్న నువ్వుల నూనె తేటగానే ఉంటుంది. ఏ నూనెలో సంతృప్త భాగం ఎక్కువో లేబొరేటరీ అవసరం లేకుండా వంటింట్లోనే తెలిసిపోతుంది.

అంకెల్లో చెప్పాలంటే, నూటికి సుమారు ఇలా ఉంటుంది. కొబ్బరి నూనెలో 90 వంతులు సంతృప్త కొవ్వు. నెయ్యిలో 60 పైన. మేక, గొర్రె చర్బీలో దాదాపు సగం. పామోలిన్‌లో 40 నుంచి 45. వేరుశనగలో 20, నువ్వుల నూనెలో 15, సన్‌ఫ్లవర్‌లో 12 దరిదాపుల్లో. ఇక వెర్రి నువ్వుల నూనెలో లినోలెయిక్ ఆమ్లమే 70 శాతం దాకా ఉంటుంది. పాపం ఆ పంటకు ఎవరూ మంచి పేరు పెట్టలేదు. తెలుగులో వెర్రి నువ్వులు, కన్నడంలో హుచ్చెళ్ళు అన్నా అర్థం అదే, తమిళంలో ఏకంగా దయ్యపు నువ్వులు. కృష్ణగిరి జిల్లా పైయూరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఈ పంటలో ‘పైయూర్ 1’ అనే రకాన్ని కూడా విడుదల చేసింది. ఈ నూనె తాజాగా వాడుకోవాలి, ఎక్కువ రోజులు నిలవ ఉంటే కారు వాసన వస్తుంది.

డాల్డా చేసిన చెరుపు

మన దేశంలో డాల్డా 1937లో వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్ళలో అది నెయ్యిలా వాసన, రంగు, పూస అన్నీ ఇచ్చింది. బిర్యానీ, బగారా అన్నం, షీర్ ఖుర్మా, అన్నిట్లోకీ చేరిపోయింది. ద్రవంగా ఉండే నూనెలోకి హైడ్రోజన్ వాయువు ఎక్కించి గట్టిపరిస్తే వనస్పతి అవుతుంది. ఆ పని సగంలో ఆపినప్పుడు ట్రాన్స్ కొవ్వు అనే వంకర ఆమ్లాలు పుడతాయి. మొక్కల నుంచి వచ్చింది కదా, నెయ్యికన్నా మేలనే చాలాకాలం అందరూ నమ్మారు. డాక్టర్లు కూడా.

1990లో నెదర్లాండ్స్‌లో మెన్‌సింక్, కటాన్ అనే ఇద్దరు 59 మంది ఆరోగ్యవంతులకు మూడు వారాల చొప్పున మూడు రకాల భోజనం పెట్టి చూశారు. ఒలీవ్‌లో ఉండే ఒలెయిక్ కొవ్వుతో పోలిస్తే, సంతృప్త కొవ్వు తిన్నప్పుడు ఎల్.డి.ఎల్. 18 మిల్లీగ్రాములు పెరిగింది. ట్రాన్స్ కొవ్వు తిన్నప్పుడు 14 పెరిగింది. అక్కడితో ఆగితే ట్రాన్స్ కాస్త నయమనిపిస్తుంది. కానీ ట్రాన్స్ తిన్నవారిలో మేలు చేసే హెచ్.డి.ఎల్. 7 మిల్లీగ్రాములు పడిపోయింది కూడా. సంతృప్త కొవ్వు ఆ పని చేయలేదు. గమనించండి, ఇదంతా మూడే వారాల్లో.

మన హైదరాబాదులోనూ ఈ విషయం మీద గట్టి పని జరిగింది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గఫూరున్నిసా దశాబ్దాలపాటు వంటనూనెల మీదే పరిశోధన చేశారు. ఆమె బృందం 2005లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో, తిండిలోని ట్రాన్స్ కొవ్వు జంతువు కొవ్వు కణాల పొరల కూర్పునే మార్చేసిందని, ఆ కణాల మీద ఇన్సులిన్ సరిగా పనిచేయలేదని తేలింది. అంటే ఈ కొవ్వు కొలెస్టరాల్‌తో ఆగదు, షుగర్ జబ్బు దారి కూడా పట్టిస్తుందేమోనన్న అనుమానం బలపడింది. మన ఆడబిడ్డలు సైన్సు చదివితే ఏమొస్తుందని అడిగే పెద్దలకు ఈ పేరు చెప్పాలి.

డెన్మార్క్ 2003లోనే ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి కట్టడి చేసింది. 2009లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం పరీక్షించిన మన వనస్పతి రకాల్లో అది ఆ హద్దుకు 5 నుంచి 12 రెట్లు ఉంది. మన దేశంలో హద్దు మెల్లమెల్లగా దిగివచ్చి 2021లో 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం అయింది. కాబట్టి చట్టప్రకారం తయారైన నేటి వనస్పతి మన అబ్బా, దాదా తిన్న వనస్పతి కాదు. అలాగని మంచిదీ అయిపోలేదు. గట్టిగా ఉండాలి కాబట్టి ట్రాన్స్ తీసేసిన చోట సంతృప్త కొవ్వు ఉంటుంది. బేకరీ పఫ్‌లు, ఖారీ, క్రీమ్ కేకుల్లో దాన్ని చూసే అవకాశం కూడా మనకుండదు. వలీమాకు దేగ్ ఎక్కించేటప్పుడు డాల్డా డబ్బా పక్కనపెట్టి వేరుశనగ నూనెతో చేయించి, దించేముందు రుచికి కొద్దిగా అసలు నెయ్యి వేయించండి. వంట మాస్టరు గొణుగుతాడు, గొణగనివ్వండి.

మరి రేషన్ పామోలిన్ సంగతి?

అదే గఫూరున్నిసా బృందం 1995లో మరో ఫలితం ప్రచురించింది. ఆరోగ్యవంతులైన మన దేశస్థుల మీద పామోలిన్, వేరుశనగ నూనె రెండూ పోల్చి చూస్తే, రక్తంలోని కొవ్వుల మీదా, రక్తం గడ్డకట్టే కణాల తీరు మీదా రెంటి ప్రభావం దాదాపు ఒకేలా ఉంది. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఆమే తరచు గుర్తుచేసిన మరో సంగతి ఉంది. మనం గిన్నెలో పోసే నూనె కాక, కంటికి కనపడని కొవ్వు రాగుల్లో, బియ్యంలో, పప్పుల్లో, గోధుమల్లో ఉంటుంది. అందులో లినోలెయిక్ ఆమ్లం ఎక్కువ. రాగిముద్ద, ఉలవచారు, అనపగింజల కూర తినే ఒంటికి పామోలిన్‌లోని లోటు కొంతవరకు అక్కడినుంచి పూడుతుంది. రొట్టె, వెన్న, మాంసం ప్రధానంగా తినే దేశాల లెక్క అచ్చంగా మనకు సరిపోదు.

ఇది విని పామోలిన్ ఎంతైనా వాడొచ్చనుకోకూడదు. 2015లో చాలా దేశాల పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో, సంతృప్త కొవ్వు తక్కువున్న నూనెలతో పోలిస్తే పామ్ నూనె ఎల్.డి.ఎల్.ను సుమారు 9 మిల్లీగ్రాములు పెంచుతుందని తేలింది. నా ఉద్దేశం ఇది: మాంసం, నెయ్యి తక్కువగా, రాగులు, పప్పులు ఎక్కువగా తినే ఇంట్లో, ఎవరికీ గుండెజబ్బు లేకపోతే, రేషన్ పామోలిన్ గురించి సిగ్గుపడవలసిందీ భయపడవలసిందీ లేదు. దాన్ని సగం వాడి, మిగతా సగం గానుగ వేరుశనగ గానీ నువ్వుల నూనె గానీ వాడితే చాలు. ఇంట్లో గుండెజబ్బు గానీ, షుగరు గానీ, ఎల్.డి.ఎల్. ఎక్కువగా గానీ ఉన్నవారుంటే, వారి కూరకు పామోలిన్ వద్దు.

నూనె ఏదైనా కొలత ముఖ్యం. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల భోజనం చేసే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని చెప్పింది. నెలకు మనిషికి 900 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. అయిదుగురున్న ఇంటికి నెలకు నాలుగున్నర లీటర్ల లోపు. మీ ఇంట్లో నెలకెన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఈసారి లెక్కపెట్టండి.

ఒంటి కొవ్వు మన తిండి చిట్టా

రక్తం సంగతి వేరు, ఒంటి కొవ్వు సంగతి వేరు. రక్తంలో కొలెస్టరాల్ రెండు మూడు వారాల్లో మారుతుంది. కానీ నడుము చుట్టూ చేరిన కొవ్వులోని ఆమ్లాలు సగం మారడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. లినోలెయిక్ ఆమ్లాన్ని మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, అది తిండి నుంచే రావాలి. కాబట్టి ఒంటి కొవ్వు ముక్కను పరీక్షిస్తే ఆ మనిషి గడచిన రెండేళ్ళలో ఏ నూనె తిన్నాడో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో మాజీ సైనికుల ఆశ్రమంలో 846 మంది పురుషుల మీద జరిపిన ప్రసిద్ధ పరీక్ష ఫలితాలు 1969లో వెలువడ్డాయి. కొందరికి మామూలు భోజనం, కొందరికి జంతువుల కొవ్వు బదులు మొక్కల నూనెల భోజనం పెట్టారు. అయిదేళ్ళు గడిచేసరికి నూనెలు తిన్నవారి ఒంటి కొవ్వులో లినోలెయిక్ ఆమ్లం సుమారు 11 శాతం నుంచి 30 శాతం పైకి చేరింది. వారి కొలెస్టరాల్ తగ్గింది, గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారూ తగ్గారు. కానీ అన్ని కారణాలూ కలిపి చూస్తే మొత్తం మరణాల్లో పెద్ద తేడా రాలేదు. నూనె మార్పుతోనే ఆయుష్షు పెరుగుతుందని చెప్పే ప్రకటనలను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

మన వైపు నూనెల్లో ఒక కొరత ఉంది. వేరుశనగ, నువ్వులు, వెర్రి నువ్వులు, సన్‌ఫ్లవర్, వీటిలో దేనిలోనూ ఒమేగా-3 చెప్పుకోదగ్గంత లేదు. సముద్రానికి దూరంగా ఉన్నాం కనుక చేపలూ తక్కువే. వారానికి రెండుసార్లు మత్తి వంటి నూనె చేప దొరికితే వదలకండి, వేపుడు కాకుండా పులుసు పెట్టండి. చేప తినని ఇళ్ళలో రోజుకో చెంచా అవిసెగింజల పొడి, ఆకుకూరలు, మెంతికూర కొంతవరకు పనికొస్తాయి.

నూనె మానేసి ఆ ఆకలిని తెల్ల అన్నంతో, చక్కెర చాయ్‌తో నింపుకునేవారికి ఒక్క మాట. అలా చేస్తే ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. మనవాళ్ళ రిపోర్టుల్లో తరచు కనిపించే తీరు అదే. రాగిముద్ద పోయి మూడు పూటలా రేషన్ బియ్యం వచ్చిన ఇళ్ళలో నూనెను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

యునాని ఏం చెబుతుంది?

పాత యునాని గ్రంథాల్లో కొలెస్టరాల్ అనే మాట లేదు. ఉందని చెప్పేవారిని నమ్మకండి. ఇబ్నె సీనా కాలానికి ఆ పరీక్ష లేదు. అయితే వారు కొవ్వుకు చల్లని, తడి మిజాజ్ అని చెప్పారు. నాళాల్లో అడ్డు పడడాన్ని సుద్దా అన్నారు. స్థూలకాయాన్ని సిమనె ముఫ్రిత్ అనే జబ్బుగానే లెక్కించి, ఇలాజ్ బిల్ గిజా, అంటే తిండితో వైద్యాన్ని ముందుపెట్టారు. కసీఫ్ ఆహారం తగ్గించి లతీఫ్ ఆహారం పెంచమన్నారు, నడక, కసరత్తు తప్పనిసరి అన్నారు. నువ్వుల నూనెకు వారి మందుల్లో రోగనె కుంజద్ పేరుతో మంచి స్థానం ఉంది.

యునాని దవాసాజీలోని ఒక సామాన్యమైన వస్తువుకు నేటి పరీక్షలు కూడా సాక్ష్యం పలుకుతున్నాయి. అది ఇస్పగోల్ పొట్టు. రోజుకు 10 గ్రాముల దాకా, రెండు విడతలుగా, ప్రతిసారీ పెద్ద గ్లాసు నీళ్ళతో తీసుకుంటే కొన్ని వారాల్లో ఎల్.డి.ఎల్. నూటికి 5 నుంచి 10 వరకు తగ్గవచ్చు. పేగులో పిత్తాన్ని పట్టుకొని బయటికి తీసుకుపోతుంది, కొత్త పిత్తం చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. జౌ, అంటే బార్లీ గంజి కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. ఇతర మాత్రలకూ ఇస్పగోల్‌కూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. వెల్లుల్లి కూరలో మామూలుగా తినవచ్చు. రక్తం పలచబరిచే మందు వాడేవారు మాత్రం వెల్లుల్లి గుళికలు, రసాలు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టవద్దు.

స్టెంటు వేయించుకున్నవారు, గుండెపోటు వచ్చినవారు స్టాటిన్ మాత్రను ఏ హకీం చెప్పినా, ఏ పొరుగువారు చెప్పినా ఆపకూడదు. అలాంటివారి ఎల్.డి.ఎల్. 70 కన్నా, చాలామందికి 55 కన్నా తక్కువలో ఉంచాలని గుండె వైద్యులు అంటారు. నూనె మార్చి, ఇస్పగోల్ తిని అంత దూరం దింపడం సాధ్యం కాదు. తిండి మాత్రకు తోడుగా ఉండాలి.

రమజాన్‌లో సమోసాలు, పకోడీలు వేసిన నూనెను మర్నాటికి, ఆ మర్నాటికి దాచి మళ్ళీ మళ్ళీ కాచడం మన ఇళ్ళలో మామూలు. మళ్ళీ మళ్ళీ మరిగిన నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయి. హోటళ్ళలో అవి 25 శాతం దాటిన నూనె వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి, నల్లబడినా, నురగ వచ్చినా, జిగటగా మారినా పారబోయండి. చిన్న మూకుట్లో కొద్ది నూనెతో వేయించి, మిగిలినది వడకట్టి మర్నాడు తాలింపుకు వాడేస్తే వృథా కాదు.

నూనె మార్చాక పది రోజులకే పరీక్షకు పరుగెత్తవద్దు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి, అదే ల్యాబులో చేయించండి. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువున్నవారు రాత్రి భోజనం తర్వాత 10, 12 గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.